బ్లాకులు పేర్చి ఆడే వీడియో గేమ్ మైన్‌క్రాఫ్ట్‌లో మనం కట్టిన కొండలు రాళ్ల కుప్పల్లా ఎందుకు కనిపిస్తాయి?

శిఖరాలను విడివిడిగా పేర్చుకుంటూ పోవడమే కారణం. ముందు గీయాల్సింది వాటన్నిటినీ కలిపే వెన్నుగీత.

నిజమైన పర్వతాల్లో వాన నీరు వెన్నుకు రెండు పక్కలా జారుతూ లోయలను కోస్తుంది. అందుకే పెద్ద వెన్ను నుంచి చిన్న వెన్నులు చెట్టు కొమ్మల్లా చీలుతాయి. ఆ కొమ్మలు లేని కొండ ఏ వైపు నుంచి చూసినా బోర్లించిన గరాటే.

ఉదాహరణకు, నేల మీద ఉన్ని బ్లాకులతో వంకరటింకర గీత ఒకటి వేయండి. దాని మీద ఎత్తులను 160, 125, 175 ఇలా హెచ్చుతగ్గులుగా గుర్తుపెట్టి, పక్క వెన్నులను దించండి. వెడల్పు దగ్గరే చాలామంది పిసినారితనం చూపిస్తారు: 100 బ్లాకుల ఎత్తుకు 45 డిగ్రీల వాలు కావాలంటే అడుగున సుమారు 200 బ్లాకులు పరచాలి. అరవైతో సరిపెడితే అది స్తంభం.

ఎత్తు పెంచితే గంభీరంగా ఉంటుందన్నది అపోహ. 2021లో వచ్చిన 1.18 వెర్షన్‌తో కట్టడాల పై హద్దు 256 నుంచి 320కి పెరిగిన మాట నిజమే. కానీ కన్ను శిఖరాన్ని పక్కనున్న లోయతో పోల్చి కొలుస్తుంది. లోయను లోతుగా తవ్వితే మామూలు కొండ కూడా పెద్దదిగా అనిపిస్తుంది.