వాడు ఆ నవ్వు ఎక్కడ నేర్చుకున్నాడు?

ప్రశ్న: మా బాబు నాలుగో తరగతి. క్లాసులో ఒక పిల్లాడు పాఠం చదివేటప్పుడు తడబడతాడు. మావాడు ఆ పిల్లాణ్ణి అనుకరించి అందరినీ నవ్విస్తాడట, ఆటల్లోకీ రానివ్వడట. టీచర్ పిలిచి చెప్పారు. ఇంట్లో మాత్రం బంగారం. నేను ఫోన్‌లో ఏదైనా తప్పుగా చదివితే మావారు వెక్కిరిస్తారు, వాడూ పకపకా నవ్వుతాడు, అంత సరదాగా ఉంటాం. తోటిపిల్లలకు సాయం చేసినప్పుడల్లా ఒక స్టార్, పది స్టార్లకు ఒక బొమ్మ అంటే మారతాడా?

జవాబు: స్టార్లు వద్దమ్మా. వార్నెకెన్, టొమసెల్లో అనే ఇద్దరు పరిశోధకులు 2008లో ఇరవై నెలల పిల్లలపై ఈ సంగతే పరీక్షించారు. సాయం చేసినందుకు బహుమతి అందుకున్న పిల్లలు, అది ఆగిపోయాక సాయం చేయడం తగ్గించేశారు. ఏమీ అందుకోని పిల్లలే ఎక్కువగా చేశారు. ఆ ఆలోచన ఇక్కడితో వదిలేయండి.

నాకు మనసు కలుక్కుమన్నది మీరు రాసిన ఇంకో మాట దగ్గర. మీరు ఒక పదం దగ్గర తడబడతారు. ఆయన ఆ పదాన్నే సాగదీసి అంటారు. బాబు నవ్వుతాడు. ఏం చేయాలో తోచక మీరూ నవ్వేస్తారు. మర్నాడు క్లాసులో జరిగేది ఇదే కదా! మీ చోట ఆ పిల్లాడున్నాడు, అంతే తేడా.

సరదా అని రాశారు. మీకు నిజంగా సరదాగానే ఉందా? ఆలుమగల మధ్య వేళాకోళం ఉండాలి, కాదనను. కానీ బిడ్డ ముందు తల్లిని చులకన చేసే వేళాకోళాన్ని నేను ఒప్పుకోను. సంసారంలో చాలా సర్దుకుంటాం, ఇది మాత్రం సర్దుకోవాల్సింది కాదు.

బాబు నిద్రపోయాక ఆయనతో మాట్లాడండి. టీచర్ చెప్పింది చెప్పినట్టు చెప్పండి, ఆ తర్వాత మీ మాట చెప్పండి. నిష్ఠూరాలొద్దు. ఆయన చెడ్డవారని నేననుకోవడం లేదు, తన వెక్కిరింత స్కూలు దాకా వెళ్లిందని ఆయనకు తెలియదు. మళ్లీ అలా జరిగితే మాత్రం నవ్వకండి. "నాకు బాధగా ఉందండీ" అని బాబు వినేలా అనండి. ఆయన సారీ చెబితే, అదీ వాడు చూడాలి.

ఇక స్కూలు సంగతి. అందరి ముందూ క్షమాపణ చెప్పించమని అడగకండి, ఆ పిల్లాడు మరోసారి అందరి కళ్లలో పడతాడు. ఇద్దరికీ కలిపి ఒక పని ఇమ్మనండి. 1971లో అమెరికాలోని ఆస్టిన్‌లో ఎలియట్ ఆరన్‌సన్ అనే మనస్తత్వవేత్త ఒక పాఠాన్ని ముక్కలు చేసి, గుంపులో ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క ఇప్పించారు. పక్కవాడు చెప్పేది వినకపోతే తన పాఠం పూర్తికాదు. అప్పుడు తడబడేవాణ్ణి వెక్కిరిస్తే నష్టం వెక్కిరించినవాడికే. ఓపిగ్గా అడిగి చెప్పించుకోవడం పిల్లలకు మెల్లగా అలవాటైంది. మీ టీచర్ ఎలాగూ తనే పిలిచి మాట్లాడారు కాబట్టి, ఇదీ వింటారు.

టీచర్‌ని ఈ వారంలో ఎప్పుడైనా కలవచ్చు. మీవారితో మాట్లాడటం మాత్రం ఈ రాత్రే.