పొగడ్తలో మందలింపు ఎక్కడ పెట్టాలి

చిరంజీవికి, ఆశీస్సులు.

గ్రీకు కవి పిండార్, అతన్ని ఆదరించిన రాజు హియెరోన్‌ల మీద నువ్వు రాసిన నాటకం చిత్తుప్రతి చదివాను. కవిని సభలో చేతులు కట్టించి నిలబెట్టావు. రాజాశ్రయం అనగానే మనకు పోతన, శ్రీనాథుడే గుర్తొస్తారు. పిండార్ ఆ రెండు మూసల్లోనూ పట్టడు.

హియెరోన్ సిసిలీ ద్వీపంలోని గ్రీకు నగరం సిరక్యూస్‌ను ఏలింది క్రీ.పూ. 478 నుంచి 467 దాకా. 476లో ఒలింపియాలో అతని గుర్రం ఫెరెనికోస్ గెలిస్తే పిండార్ ఒక గీతం, బకిలిడీస్ అనే మరో కవి ఒక గీతం కట్టారు. ఇంకో కవి సైమనిడీస్ కూడా ఆ ఆస్థానంలోకి వచ్చినవాడే. నీ నాటకంలో ఈ పోటీ వాసనే లేదు.

ఇక పిండార్ 470 నాటి మొదటి పిథియన్ గీతాన్ని విడదీసి చూడు. ఐదు ఖండికలు, ఒక్కోదానిలో మూడేసి చరణాలు. సందర్భం డెల్ఫీలో జరిగే పిథియన్ క్రీడల్లో హియెరోన్ రథపందెం గెలుపు. ఎత్తుకోవడం మాత్రం బంగారు వీణతో: ఆ నాదానికి దేవతల రాజు జియస్ రాజదండం మీది గద్ద కూడా కునికిపాట్లు పడుతుంది. వెంటనే ఎట్నా అగ్నిపర్వతం కింద అణిగి నిప్పులు కక్కే రాక్షసుడు టైఫోన్. మూడో ఖండికలో రాజు జబ్బు సంగతి, అదీ నేరుగా కాదు: కాలిపుండుతోనే ట్రాయ్‌ను గెలిపించిన ఫిలోక్టీటీస్ పేరు చాటున. హియెరోన్, అతని అన్నదమ్ములు గెలిచిన హిమెరా, క్యూమీ యుద్ధాల పొగడ్త నాలుగోదాంట్లో. మందలింపు ఐదోదాంట్లోనే: అబద్ధమెరగని దాగలి మీద నాలుకను సాగగొట్టమంటాడు. ఆపైన రెండే పేర్లు: దయగల లిడియా రాజు క్రీసస్, మనుషుల్ని కంచు ఎద్దులో కాల్చిన ఫలారిస్. ఫలారిస్ ఏలిన అక్రగాస్ కూడా సిసిలీలోనే ఉంది, సిరక్యూస్‌వాళ్లకు విప్పి చెప్పక్కర్లేదు. నువ్వేమో అక్కడ అరపేజీ నీతిబోధ చేయించావు. కొట్టెయ్.

అలాగని కవిని మరీ ధీరుణ్ణి చేయకు. గీతంలో మెచ్చుకున్న ఎట్నా నగరం అసలు పాత కటానా. హియెరోన్ ఆ ఊరివాళ్లను లియాంటినీ అనే ఊరికి తరలించి, 10,000 మందిని కొత్తగా తెచ్చి నింపాడని చరిత్రకారుడు డయోడోరస్ రాశాడు. పిండార్ ఆ ముక్క ఎత్తడు, పైగా దేవతలు కట్టిన స్వేచ్ఛ అంటాడు. నీ మూడో అంకానికి సరుకు ఇదే. వినేవాళ్లలో ఒక కటానావాణ్ణి కూర్చోబెట్టు, మాట్లాడించకు.

ముగింపుకి హియెరోన్ చావు వద్దు. 461లో కటానావాళ్లు తిరిగొచ్చి కొత్తవాళ్లను వెళ్లగొట్టారు, అతని సమాధినీ పడగొట్టారు. అది రంగం మీద చూపాలా, ఒకడి నోట చెప్పించాలా అన్నది తరవాత తేల్చుకుందాం. ముందు సభ సీను తిరగరాసి పంపు.