కళాశాల ఆటగాడితో ప్రకటన: గిట్టుబాటు ఎవరికి?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో మూడు అమెరికా కళాశాల క్రీడాకారులతో చేయించే ప్రకటనల గురించే ఉన్నాయి. మూడింటికీ ఒకేచోట జవాబు ఇస్తున్నాం.

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో నేను, మా బావమరిది కలిసి బిర్యానీ హోటల్ నడుపుతున్నాం. దగ్గరలోని యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో ఆడే ఒక కుర్రాడు తరచూ మా దగ్గరకు భోజనానికి వస్తుంటాడు. 3,000 డాలర్లు ఇస్తే రెండు రీల్స్ చేస్తాననీ, ఒక సాయంత్రం హోటల్‌కు వచ్చి అభిమానులతో ఫొటోలు దిగుతాననీ, తన పేరుతో 10 శాతం తగ్గింపు కూపన్ కోడ్ పెట్టుకోవచ్చనీ అంటున్నాడు. మా దగ్గర మనిషికి సగటు బిల్లు 18 డాలర్లు. సరుకు, ప్యాకింగ్, కార్డు రుసుములు పోను 10 డాలర్లు మిగులుతాయి. ఈ ఖర్చు తిరిగి వస్తుందంటారా? – ఒక పాఠకుడు, ఫ్రిస్కో

జవాబు: లెక్కకు కావలసిన అంకెలన్నీ మీరే ఇచ్చారు గనుక వాటితోనే మొదలుపెడదాం. మనిషికి 10 డాలర్లు మిగిలితే 3,000 రాబట్టడానికి 300 మంది కొత్తగా రావాలి. అయితే కూపన్‌తో వచ్చినవారికి మీరు 1.80 డాలర్లు తగ్గిస్తున్నారు కాబట్టి మిగిలేది 8.20 మాత్రమే, అప్పుడు 366 మంది కావాలి. అసలు చిక్కు దీని తరువాత ఉంది. ఆ కోడ్ చూపేవారిలో సగం మంది ఎలాగూ ప్రతి శనివారం మీ దగ్గరే తినే పాత ఖాతాదారులైతే, వారి వల్ల మీకు కొత్తగా వచ్చేది ఏమీ లేకపోగా, తలకు 1.80 డాలర్లు చేతినుంచి పోతాయి. కొత్తవారి మీద వచ్చిన దానిలోంచి పాతవారి మీద పోయినది తీసివేస్తే కూపన్‌కు సగటున 3.20 డాలర్లే నిలుస్తాయి. అంటే ఖర్చు కూడదీసుకోవడానికి 938 కూపన్లు తెగాలి. 300 అనుకున్నది 938కి చేరింది. మధ్యలో మారింది మన ఊహ ఒక్కటే. ‘కోడ్ మీద ఇన్ని బిల్లులు అయ్యాయి’ అని మురిసిపోయే దుకాణదారులు చాలామంది ఈ పాతవారి సంగతి మరచిపోతారు.

అందుచేత బేరం మార్చి చూడండి. 1,500 డాలర్లకు ఒక రీల్, ఒక సాయంత్రం చాలునని అడగండి. బిల్లులో తగ్గింపు మానేసి, కోడ్ చెప్పినవారికి ఒక చిన్న గిన్నెడు డబుల్ కా మీఠా ఇవ్వండి. దానికి మీకు ఒక డాలరు ఖర్చయిందనుకుంటే, సగం మంది పాతవారేనన్న లెక్క ప్రకారమే చూసినా, 375 కూపన్లతో సొమ్ము తిరిగి వస్తుంది. మూడు నెలల మీద రోజుకు నాలుగు పైచిలుకు. అది జరగగల పనిలాగా ఉంది. బిల్లు కట్టేటప్పుడు ‘మా దగ్గరకు మొదటిసారా?’ అని అడిగి, ఒక పుస్తకంలో గీతలు గీసే బాధ్యత మీ బావమరిదికి అప్పగిస్తే, సగం అన్న ఊహ స్థానంలో అసలు సంఖ్య వచ్చి కూర్చుంటుంది.

ఇక ఆటగాడి ఎంపిక. 2021 జులై 1 నుంచి కళాశాల క్రీడాకారులు తమ పేరు, రూపం, పోలికలను అమ్ముకోవడానికి అమెరికా కళాశాల క్రీడలను నడిపే సంస్థ ఎన్‌సీఏఏ అనుమతించింది. ఎన్‌ఐఎల్ అని మీరు వింటున్నది దీనినే. ఆ తరువాత నెబ్రాస్కా యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టులో చేరిన డీకోల్డెస్ట్ క్రాఫర్డ్ అనే కుర్రాడితో 2022లో ఒమాహాకు చెందిన ఒక ఏసీ మరమ్మతుల సంస్థ ప్రకటన చేయించింది. ‘అందరికన్నా చల్లనివాడు’ అని పేరులోనే ఉన్నవాడు ఏసీ సంస్థకు దొరకడం అదృష్టమే కావచ్చు గాని, ఇక్కడ గమనించవలసింది వేరే ఉంది. మోకాలి గాయంతో అతడు ఆ సీజన్‌లో మైదానంలో దిగనే లేదు; అయినా ప్రకటన దేశమంతా చుట్టివచ్చింది. పనిచేసింది పేరే గాని అతడి ఆట కాదు. దీనికి ఎదురు ఉదాహరణ క్విన్ యూవర్స్ అనే ఫుట్‌బాల్ ఆటగాడు. 2021లో అతడు ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరగానే సంతకాలు చేసిన జ్ఞాపికల కోసం సుమారు 14 లక్షల డాలర్ల ఒప్పందం కుదిరిందని పత్రికలు రాశాయి. అతడు ఆ జట్టు తరఫున రెండంటే రెండు స్నాప్‌లు (బంతి అందుకుని మొదలయ్యే ఎత్తులు) ఆడి, డిసెంబరులో టెక్సస్ యూనివర్సిటీకి మారిపోయాడు. ఒహాయో అభిమానిని నమ్ముకుని ముందే సొమ్ము పోసినవారికి ఇటువంటి మార్పు ఎంత చేటో వేరే చెప్పనక్కరలేదు. మీ కుర్రాడు జట్టు మారినా, ఆటనుంచి తప్పుకున్నా ఏమవుతుందో ఒప్పందంలో రాయించండి. సగం సొమ్ము ముందు, సగం పని పూర్తయ్యాక ఇవ్వండి.

ఇంకో రెండు జాగ్రత్తలు. యూనివర్సిటీ అనుమతి లేకుండా వారి చిహ్నం, జెర్సీ రీల్‌లో కనిపించకూడదు. ఇది తెలియక తీసిన వీడియోను పారవేయవలసి వస్తే ఆ ఖర్చు మీదే. అది డబ్బిచ్చి చేయించిన ప్రకటన అని రీల్‌లో స్పష్టంగా చెప్పాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నియమం. ఆ బాధ్యత ఆటగాడికే కాదు, మీకూ ఉంటుంది.

మా అభిప్రాయం అడిగితే: ఆ కుర్రాడు నిజంగానే మీ బిర్యానీ ఇష్టపడి తింటాడన్న ఒక్క మాట మీ ఉత్తరంలో మాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచింది. అతడి ఫాలోయర్లు ఎంతమంది అన్నదానికన్నా, వారిలో ఎంతమంది మీ హోటల్‌కు ఇరవై నిమిషాల దూరంలో ఉన్నారో అడగండి. ఆ వివరం అతడి ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలోనే ఊళ్ల వారీగా కనిపిస్తుంది.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఎంబీఏ చదువుతున్నాను. పెద్ద కంపెనీలకు కళాశాల క్రీడాకారుల వల్ల ఆర్థికంగా లాభం ఉందని రుజువు చేసిన పరిశోధనలు ఉన్నాయా? – ఒక విద్యార్థిని

జవాబు: ప్రముఖులతో చేయించే ప్రకటనల మీద మంచి పరిశోధనలు ఉన్నాయి. జగదీశ్ అగ్రవాల్, వాగ్నర్ కమకురా 1995లో 110 ఒప్పందాలను పరిశీలించి, ఒప్పందం సంగతి వెల్లడించిన రోజున సంస్థ షేరు మార్కెట్ ధోరణికన్నా సగటున 0.44 శాతం అదనంగా పెరిగిందని చూపారు. 2012లో అనీతా ఎల్బర్స్, జెరోన్ వెర్లూన్ క్రీడాకారుల ఒప్పందాలను మాత్రమే తీసుకుని, అమ్మకాలు సుమారు 4 శాతం పెరిగాయని కనుగొన్నారు. నాణేనికి రెండో వైపు టైగర్ వుడ్స్ ఉదంతం: 2009లో అతడి వ్యక్తిగత జీవితం రచ్చకెక్కినప్పుడు అతడి స్పాన్సర్ల మార్కెట్ విలువ 2 శాతానికి పైగా తగ్గిందని నిటెల్, స్టాంగో లెక్కగట్టారు.

ఇవన్నీ స్థిరపడిన ప్రముఖుల సంగతులు. షేరు ధర చూసి లాభం లెక్కగట్టే పద్ధతిని కళాశాల ఒప్పందాలకు యథాతథంగా తగిలించలేము. వేల కోట్ల డాలర్ల కంపెనీ ఒక విద్యార్థికి కొన్ని వేల డాలర్లు ఇస్తే షేరు ధరలో ఆ కదలిక గాలివానలో దీపమంత కూడా కనిపించదు. పైగా ఆటగాళ్లకు అందిన సొమ్ములో పెద్ద భాగం వ్యాపార సంస్థలు ఇచ్చినది కాదు. ఆయా కళాశాలల అభిమానులు, దాతలు కలిసి ఏర్పరచిన ‘కలెక్టివ్’లు ఇచ్చినది. మంచి ఆటగాడిని తమ జట్టుకు రప్పించడమే వాటి ఉద్దేశం. దానిలో అమ్మకాల లాభం వెదకడం గుడి హుండీలో వేసిన నోటుకు వడ్డీ అడిగినట్లు ఉంటుంది. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన దావాలో కుదిరిన రాజీ, అంటే హౌస్ సెటిల్‌మెంట్, 2025 జూన్‌లో ఆమోదం పొందిన తరువాత కళాశాలలే ఆటగాళ్లకు నేరుగా సొమ్ము పంచవచ్చు; 2025-26కు ఒక్కో కళాశాలకు పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. బయటివారితో కుదిరిన 600 డాలర్లు, ఆపైన ఒప్పందాలను వెల్లడించాలి. కళాశాలతో సంబంధం ఉన్న దాతల ఒప్పందాలలో నిజమైన వ్యాపార ప్రయోజనం ఉందా అని పరిశీలిస్తారు. మీరు అడిగిన ప్రశ్న ఇప్పుడు నియమావళిలోకే ఎక్కిందన్నమాట.

లాభం స్పష్టంగా కనిపించే చోట్లు రెండు ఉన్నాయి. మొదటిది చవకగా, గుంపుగా కొనడం. 2021 ఆగస్టులో యూటా రాష్ట్రపు బిల్ట్ అనే ప్రొటీన్ బార్ల సంస్థ బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు మొత్తంతో ఒప్పందం చేసుకుని, స్కాలర్‌షిప్ లేకుండా ఆడుతున్న 36 మందికి ఏడాది ఫీజుకు సరిపడా సొమ్ము ఇచ్చింది. ఆ మాట వినగానే ఆటగాళ్లు కేరింతలు కొట్టిన వీడియో అమెరికా అంతా తిరిగింది. ఒక పెద్ద టీవీ ప్రకటన ధరతో పోలిస్తే ఆ ఫీజులు స్వల్పం. రెండవది కాయగా ఉన్నప్పుడే బేరమాడడం. బాస్కెట్‌బాల్ క్రీడాకారిణి కేట్లిన్ క్లార్క్ అయోవా యూనివర్సిటీలో చదువుతుండగానే, 2023లో, బీమా సంస్థ స్టేట్ ఫార్మ్ ఆమెతో ఒప్పందం కుదుర్చుకుంది. 2024 ఏప్రిల్‌లో ఆమె ఆడిన కళాశాల మహిళల ఫైనల్‌ను సగటున 1.89 కోట్ల మంది చూశారు. అదే ఏడు పురుషుల ఫైనల్‌కు 1.48 కోట్లే. ఆ ప్రేక్షకులంతా పోగుపడక ముందే స్పాన్సర్ అక్కడ ఉన్నాడు.

మీ ప్రాజెక్టుకు ఇంకో ఉదాహరణ. ఈఏ స్పోర్ట్స్ సంస్థ 2024 జులైలో కళాశాల ఫుట్‌బాల్ వీడియో గేమ్‌ను పదకొండేళ్ల తరువాత మళ్లీ విడుదల చేసింది. తమ రూపం వాడుకోనిచ్చిన ఒక్కో ఆటగాడికి 600 డాలర్లు, గేమ్ ప్రతి ఒకటి ఇస్తామంటే 10,000 మందికి పైగా ఒప్పుకున్నారు. మొత్తం ఖర్చు 60 లక్షల డాలర్లు దాటినా, అమ్మకాలలో ఆ గేమ్ ఆ ఏడు అమెరికాలోని క్రీడా గేములన్నిటినీ మించిపోయింది. ఇది ప్రకటన కాదు, ఆటగాడి ముఖమే సరుకులో భాగం. అందుకే ఇక్కడ రాబడి లెక్కించడం తేలిక.

ప్రశ్న: మా అమ్మాయి ఎఫ్-1 వీసా మీద అమెరికాలో చదువుతూ కళాశాల జట్టులో టెన్నిస్ ఆడుతోంది. అక్కడి మన తెలుగువారి మిఠాయి దుకాణం వారు ప్రకటనలో నటించమంటున్నారు. ఒప్పుకోవచ్చా? – ఒక తల్లి, సికింద్రాబాద్

జవాబు: తొందరపడవద్దమ్మా. ఎఫ్-1 విద్యార్థి అమెరికా గడ్డ మీద అనుమతి లేకుండా పని చేసి సొమ్ము తీసుకుంటే వీసాకే ముప్పు. ఎన్‌సీఏఏ అనుమతి ఈ ముప్పునుంచి కాపాడదు. చిత్రీకరణ మధ్యలో ఆగితే దుకాణం వారి ఖర్చూ వృథా అవుతుంది గనుక వారికీ ఈ సంగతి చెప్పండి. కాంగో దేశస్థుడైన ఆస్కార్ షిబ్వే కెంటకీ యూనివర్సిటీ బాస్కెట్‌బాల్ జట్టు తరఫున ఆడుతూ, 2022 ఆగస్టులో జట్టు అమెరికా వెలుపల ఉన్న బహామాస్ వెళ్లినప్పుడు అక్కడ తన ప్రకటనల పని చేసుకున్నాడు. మీ అమ్మాయి సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు ఇక్కడి సంస్థతో ఇక్కడే చేయడం అటువంటి మార్గమే. అయినా కెమెరా ముందు నిలబడక మునుపే కళాశాలలోని అంతర్జాతీయ విద్యార్థుల అధికారికి ఈమెయిల్ రాసి, జవాబు రాతపూర్వకంగా తీసుకోమనండి. వలస చట్టాల న్యాయవాదికి ఇచ్చే ఫీజును మిఠాయి దుకాణం వారు భరిస్తారేమో కూడా అడిగి చూడమనండి.