బొలెరో పికప్‌కి పెద్ద డీజిల్ ట్యాంకు: పెట్టించి, మళ్లీ తీయించిన నా అనుభవం

అన్నా, మీరు అడిగింది ఇదీ: బొలెరో పికప్‌కి ఉన్న 60 లీటర్ల ట్యాంకును 100 లీటర్లు చేయిస్తే, కర్ణాటకలో ఫుల్ కొట్టించుకుని మదనపల్లె నుంచి హైదరాబాద్ పోయి రావచ్చు కదా, అందులో ఏమన్నా ఇబ్బంది ఉందా అని. సరిగ్గా ఇదే లెక్క వేసుకుని నేను 2023లో పని చేయించాను. పద్నాలుగు నెలలకే తీయించేశాను.

నాదీ టమాటా లోడ్ల బండే. అప్పట్లో మన ఆంధ్రా వైపుకీ కర్ణాటకకీ డీజిల్ మీద లీటరుకు పది రూపాయల పైనే తేడా ఉండేది. మన దగ్గర 22.25 శాతం వ్యాట్, దాని మీద లీటరుకు 4 రూపాయలు, మళ్లీ రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. బెంగళూరు లోడు దించి వచ్చేటప్పుడు చింతామణి దగ్గర ట్యాంకు నింపుకోని డ్రైవరు మా వైపు ఉండడు. ట్యాంకు పెద్దదైతే ఇంకో 40 లీటర్లు, అంటే ట్రిప్పుకు నాలుగొందలు మిగులుతుందని ఆశ.

పాత ట్యాంకు అలాగే ఉంచి, దాని ముందు ఛాసిస్ పక్కన ఇనుప రేకుతో 40 లీటర్ల డబ్బా ఒకటి వెల్డింగ్ చేయించి బిగించాం. రెండింటికీ అడుగున రబ్బరు పైపుతో లంకె. నీళ్ల తొట్టి సిద్ధాంతమే, ఒక దాంట్లో తగ్గితే రెండో దాంట్లోంచి వస్తుంది. మేస్త్రీకి తొమ్మిది వేలు ఇచ్చాను. డీజిల్ మట్టం చూపించే ఫ్లోటు పాత ట్యాంకులోనే ఉంది కాబట్టి మీటరు ముల్లుకు ఏమీ కాదన్నాడు. నిజమే, చదును రోడ్డు మీద ఏమీ కాలేదు.

ఒక రాత్రి చెన్నై లోడుతో పలమనేరు దాటి మొగిలి ఘాట్ దిగుతున్నాను. ముల్లు పావుకు కాస్త కింద ఉంది. రెండో మలుపు దగ్గర ఇంజిన్ రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. కంగారులో క్లచ్ తొక్కేశాను, అదే నేను చేసిన తప్పు. గేరులో ఉంటే చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి, బ్రేకు పెడల్‌ని తేలిక చేసే వాక్యూమ్ అందుతూనే ఉంటుంది. క్లచ్ తొక్కగానే అంతా చచ్చింది. స్టీరింగు రోలులా బిగుసుకుంది. బ్రేకు రెండుసార్లు పట్టింది, మూడోసారి పెడల్ రాయి మీద కాలు పెట్టినట్టుంది. వెనక టన్నున్నర పైగా టమాటా. ఇంకా స్పీడు అందుకోలేదు కాబట్టి రెండో గేరులో వేసి, హ్యాండ్ బ్రేకు కొంచెం కొంచెంగా లాగుతూ ఎడమ మట్టిలోకి దించి ఆపాను. చేతులు వణుకుతుంటే ఫిల్టరు మీది చేతి పంపు నొక్కి నొక్కి గాలి తీశాను. స్టార్ట్ అయ్యేసరికి ముప్పావు గంట.

కారణం తర్వాత తెలిసింది. దిగుడులో పాత ట్యాంకులోని డీజిలంతా అడుగు పైపులోంచి ముందున్న కొత్త డబ్బాలోకి జారిపోయింది. ఇంజిన్‌కి పోయే గొట్టం పాత ట్యాంకులోనే ఉంది కదా, అది గాలి పీల్చింది. కంపెనీ ట్యాంకు అయితే లోపల అడ్డపలకలుంటాయి, ఉన్న డీజిల్ అందులోనే ఉంటుంది. మన డబ్బాలో అవీ లేవు.

ఆ తర్వాత మధ్యలో వాల్వు పెట్టించాను. ఘాట్ రాగానే బండి దిగి వాల్వు కట్టేయడం, ఘాట్ దాటాక తెరవడం. వానలో ఆ పని చేసి చూడండి, తెలుస్తుంది.

అసలు ఖర్చు ఇంకో చోట తగిలింది. పికప్ డీలాపడి ఎక్కుడు లాగలేకపోతుంటే డీజిల్ ఫిల్టరు కోసి చూపించాడు మెకానిక్కు. కాగితం మడతల్లో తవుడులా ఎర్రటి పొడి. లోపల రేకుకు పూత లేదు, డీజిల్‌తో పాటు చేరిన నీటి చెమ్మకు తుప్పు, వెల్డింగు చిట్టెం. ఇంజిన్‌లోకి గట్టి ఒత్తిడితో డీజిల్ చిమ్మే కామన్ రైల్ ఇంజెక్టర్లు ఇలాంటి దుమ్మును తట్టుకోలేవు. నాలుగు తీయించి టెస్టు పెట్టిస్తే రెండు పోయాయి. మిగిల్చిందంతా ఆ ఒక్క బిల్లుకే సరిపోలేదు.

చట్టం సంగతీ చూసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో మారిన 182ఎ సెక్షను కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 జరిమానా, ఆరు నెలల దాకా జైలు కూడా పడొచ్చు. మనవి రవాణా బండ్లు, ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఎఫ్‌సీకి, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి పోవాల్సిందే. నా బండి కింద వంగి చూసిన ఇన్‌స్పెక్టరు ఒక్క మాటే అన్నాడు, "తీసి రా పో."

ఆస్ట్రేలియాలో పికప్‌లకు పెద్ద ట్యాంకులు పెట్టుకునే వీడియోలు మీరూ చూసే ఉంటారు. అవి బండి మోడల్‌ని బట్టి అచ్చు తీసి, అక్కడి రూల్స్ ప్రకారం చేసిన ట్యాంకులు. పాతది పూర్తిగా తీసి ఆ చోటులో బిగిస్తారు. మన సందు చివరి వెల్డింగు పనిని దాంతో పోల్చుకోవద్దు.

ఇప్పుడు మీ లెక్కకు వస్తాను. హైదరాబాద్ రానూ పోనూ వెయ్యి కిలోమీటర్లు అనుకుందాం. లోడుతో లీటరుకు 12 వస్తే 83 లీటర్లు కావాలి. 60 కర్ణాటకలోనే నింపుకున్నారు, తక్కువ పడేది 23. ఆ 23 హైదరాబాద్‌లో కొట్టించుకోండి, ఆంధ్రా కంటే అక్కడ కాస్త నయం. కర్ణాటక 2024 జూన్‌లో ఒకసారి, 2025 ఏప్రిల్‌లో ఇంకోసారి పన్ను పెంచాక హైదరాబాద్‌తో తేడా అయిదు రూపాయల దగ్గరికి వచ్చింది. అంటే ట్రిప్పుకు మీకు మిగిలేది నూట పదిహేను రూపాయలు. టిఫిన్ ఖర్చుకే చాలదు.

మీ బండి ఏ సంవత్సరం మోడలో, లోడుతో నిజంగా ఎంత ఇస్తోందో రాయండి, పది దాటకపోతే లెక్క ఇంకోలా ఉంటుంది.