ల్యాప్‌టాప్ కొనే ముందు లీగులు లెక్కపెట్టుకో

చిరంజీవికి,

బాబాయ్ ఆశీస్సులు. ఫుట్‌బాల్ మేనేజర్ ఆడుకోవడానికీ, చదువుకీ అంటూ నువ్వు పంపిన మూడు ల్యాప్‌టాప్‌ల వివరాలూ చూశాను. మూడూ గేమింగ్ ల్యాప్‌టాప్‌లే. కీబోర్డు కింద రంగురంగుల లైట్లు, మోయలేనంత ఛార్జరు, గట్టిగా వాడితే త్వరగా చేతులెత్తేసే బ్యాటరీ. చేతిలో డబ్బు తక్కువ, బ్యాగులో వేసుకుని తిరగాలి అని రాసింది నువ్వే. ఆ రెండిటికీ పొసగనివే ఏరి ఏరి పంపావేంట్రా?

ఆట అనగానే గ్రాఫిక్స్ కార్డు గుర్తుకు రావడం మామూలే. కానీ నువ్వు ఆడేది మేనేజర్ ఆట, బంతి తన్నేది కాదు, జట్టుని నడిపేది. ఫుట్‌బాల్ మేనేజర్‌లో ‘కంటిన్యూ’ నొక్కి నువ్వు ఎదురుచూసే ఆ కాసేపట్లో లోపల జరిగేది బొమ్మలు గీయడం కాదు, లెక్కలు. మిగతా క్లబ్బుల మ్యాచ్‌లు, గాయాలు, బదిలీ బేరాలు, కుర్రాళ్ళ ఎదుగుదల, ఎక్కడో ఓ కోచ్‌కి ఉద్వాసన, అన్నీ అప్పుడే తేలాలి. ఆ చాకిరీ ప్రాసెసర్‌ది, ర్యామ్‌ది. గ్రాఫిక్స్ చిప్‌కి గట్టిగా పని పడేది మ్యాచ్‌ని 3డీలో చూసేటప్పుడే. 2డీకి మార్చుకుంటే అది కూడా తగ్గిపోతుంది. నాకైతే 2డీలోనే జట్టు ఆకారం బాగా కనిపిస్తుంది, అది వేరే సంగతి.

నీ దగ్గరున్న 2024 ఎడిషన్ కనీస అవసరాలు ఓసారి చూడు: 4 జీబీ ర్యామ్, 7 జీబీ ఖాళీ స్థలం, ఎప్పటిదో పాత కోర్ 2 కాలం నాటి ప్రాసెసర్. అంటే దాదాపు ఏ మెషీన్‌లోనైనా తెరుచుకుంటుంది. తెరుచుకోవడం వేరు, సీజన్ల తరబడి విసుగు పుట్టకుండా సాగడం వేరు. ఇంకో మాట. 2025 ఎడిషన్‌ని ఆ ఏడాది ఫిబ్రవరిలో రద్దు చేసి, నవంబర్‌లో యూనిటీ అనే కొత్త ఇంజిన్ (ఆటని నడిపించే సాఫ్ట్‌వేర్) మీద 26 ఎడిషన్ తెచ్చారు. పాతవాటికంటే అది బరువైనది. రేపు దానికి మారే ఆలోచన ఉంటే ఇప్పుడే కాస్త ఎక్కువ శక్తి ఉన్నది చూడాలి. 2024తోనే మరికొన్నేళ్ళు గడిపేస్తానంటే నీ ఖర్చు చాలా తగ్గుతుంది. గడిపేయొచ్చు కూడా. 2001-02 నాటి ఛాంపియన్‌షిప్ మేనేజర్‌ని ఇప్పటికీ వదలనివాళ్ళున్నారు.

ఇప్పుడు అసలు ప్రశ్న. నువ్వు ఎన్ని లీగులు లోడ్ చేస్తావు, అంటే ఎన్ని పోటీల మ్యాచ్‌లన్నీ ఆట లెక్కగట్టాలి? నీ ఉత్తరంలో ఈ ఊసే లేదు. ప్రాసెసర్ పేర్లన్నీ రాశావు, ఇది మాత్రం రాయలేదు. ఇంగ్లండ్ పై నాలుగు అంచెలే తీసుకో. ప్రీమియర్ లీగ్‌లో 20, కింద మూడింటిలో 24 చొప్పున, మొత్తం 92 క్లబ్బులు. అంతవరకే అయితే మామూలు ల్యాప్‌టాప్ కూడా చకచకా నడిపేస్తుంది. దానికి ఓ పది దేశాల లీగులు కలిపి, ఆటగాళ్ళ డేటాబేస్ ‘లార్జ్’ అని పెట్టావా, ఖరీదైన మెషీన్ కూడా నెమ్మదిస్తుంది. కొత్త ఆట మొదలుపెట్టే తెరలోనే వేగం ఎలా ఉంటుందో నక్షత్రాలతో చూపిస్తుంది కదా, దాన్ని దాటేయకు. ఒక్కో లీగు కలుపుతూ నక్షత్రాలు ఎక్కడ రాలిపోతున్నాయో గమనించు. నువ్వు ఎప్పటికీ అడుగుపెట్టని దేశాన్ని ‘వ్యూ ఓన్లీ’లో (చూడటానికి మాత్రమే) ఉంచితే చాలు. ఉద్యోగం మారి ఆ దేశం వెళ్ళాల్సొస్తే తర్వాత కలుపుకోవచ్చు. మంచం ఉన్నంత మేరకే కాళ్ళు చాపుకోమన్నారు పెద్దలు. ఇక్కడ కాళ్ళు ముడుచుకుంటే డబ్బు కూడా మిగులుతుంది.

ఆ లెక్క తేలాక ప్రాసెసర్ సంగతి. ఇక్కడే చాలామంది పేరు చూసి మోసపోతారు. ఐ7 అని స్టిక్కరు ఉంటే చాలు, గొప్పదనుకుంటారు. 7వ తరం ఐ7-7500యులో ఉన్నవి రెండే కోర్లు, అంటే లెక్కలు చేసే భాగాలు. దాని తర్వాత వచ్చిన 8వ తరం ఐ5-8250యులో నాలుగు. పాత ఐ7 కంటే కొత్త ఐ5 మేలు అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. పైగా విండోస్ 11 అధికారికంగా ఒప్పుకునేది ఇంటెల్‌లో దాదాపుగా ఆ 8వ తరం నుంచే. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కాబట్టి వాడిన ల్యాప్‌టాప్ కొంటే 8వ తరం కంటే కిందికి దిగొద్దు. ఏఎండీ వాళ్ళ రైజెన్ ప్రాసెసర్లయితే అంకెలు ఇంకా తికమక పెడతాయి. 5500యు, 5600యు పక్కపక్కనే ఉన్నట్టు కనిపిస్తాయి గానీ మొదటిది పాత జెన్ 2 డిజైన్, రెండోది దాని తర్వాతి జెన్ 3. ధరలో తేడా కొద్దిగానే ఉంటే రెండోదే తీసుకో. ఇంటెల్ చవక రకం సెలెరాన్‌ల జోలికి మాత్రం పోకు. చవకే, బ్యాటరీ కూడా నిలుస్తుంది, కానీ బదిలీల గడువు చివరిరోజున నీ ఓపిక పరీక్షిస్తుంది.

ర్యామ్ 8 జీబీతో నడుస్తుంది, 16 ఉంటే హాయి. 8 ఉన్నది కొంటుంటే ఖాళీ స్లాటు ఉందో, మదర్‌బోర్డుకే అతికించేశారో కనుక్కో. సన్నటి ల్యాప్‌టాప్‌లలో అతికించినవే ఎక్కువ, వాటిలో ఇక పెంచడం కుదరదు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని మెషీన్‌లో ర్యామ్ ఒకే కర్ర కాకుండా రెండు కర్రలుగా ఉంటే 3డీ మ్యాచ్ కూడా నున్నగా కదులుతుంది. స్టోరేజీ ఎస్ఎస్‌డీ అయి తీరాలి. ‘ఈఎంఎంసీ’ అని రాసి ఉంటే అది నెమ్మదైన చవక రకం, అక్కడితో ఆపెయ్.

తెర గురించి ఎవరూ నీకు చెప్పి ఉండరు. ఈ ఆటల్లో మనం చూసేది నిలువు వరుసలు, అంకెలు, పేర్లు. 1366×768 తెరలో ఆటగాళ్ళ పట్టిక సగం లోపలే దాక్కుంటుంది, పక్కకి జరుపుకుంటూ చావాలి. 1920×1080 ఉండాలి, 14 అంగుళాలు సరిపోతుంది. ఐపీఎస్ తెర అయితే ఏ పక్కనుంచి చూసినా అక్షరాలు వెలిసిపోవు. చిన్న తెరల్లో విండోస్ తరచుగా స్కేల్‌ని 150 శాతంలో ఉంచుతుంది. దాన్ని 125కి దించి చూడు, ఇంకో రెండు వరుసలకు చోటొస్తుంది. నా వయసు కళ్ళకి అది కుదరదు గానీ నీకేం. మిగిలిన డబ్బు గ్రాఫిక్స్ కార్డు మీద పెట్టేకంటే మంచి తెర మీద పెట్టమంటాను.

స్టీమ్ డెక్ (స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణం వాళ్ళ చేతి కన్సోల్) సంగతి అడిగావు. మంచి వస్తువే. 16 జీబీ ర్యామ్, జెన్ 2 కోర్లు నాలుగు, ఎల్‌సీడీ తెర ఉన్నది 669 గ్రాములు, ఓలెడ్ తెర ఉన్నది 640. మేనేజర్ ఆటలకి దానిలో అసలు సుఖం రెండు ట్రాక్‌ప్యాడ్‌లు. బొటనవేలితో మౌస్‌లా నడిపించొచ్చు, అవి లేని చేతి కన్సోల్‌లో మెనూల మధ్య తిరగడం నరకం. అయితే తెర 7 అంగుళాలు, ఓలెడ్‌ది 7.4, రెండూ 1280×800 మాత్రమే. పడక మీద వాలి ఒక మ్యాచ్ ఆడటానికి బాగుంటుంది, వందమంది ఆటగాళ్ళని వడపోసి ఒకణ్ణి పట్టుకోవడానికి కాదు. ఇంట్లో ఓ మానిటర్ ఉంటే తగిలించుకోవచ్చు. కొనేముందు నీ ఆటకి డెక్ మీద ‘వెరిఫైడ్’ (ఇబ్బంది లేకుండా నడుస్తుంది) అని గుర్తు ఉందో ‘ప్లేయబుల్’ (కాస్త సర్దుకోవాలి) అని ఉందో స్టీమ్‌లో చూసుకో. నీకు చదువుకీ మెషీన్ కావాలి కాబట్టి ల్యాప్‌టాపే న్యాయం. డెక్ రెండో వస్తువుగా బాగుంటుంది, ఒకే ఒక్క వస్తువుగా కాదు.

క్రోమ్‌బుక్ వద్దు. విండోస్ ఆట అందులో నేరుగా ఎక్కదు.

ఆ మాటకొస్తే, అసలు కొనడం అవసరమా అని కూడా ఆలోచించు. క్రికెట్ కెప్టెన్ ఫోన్లో ఆడొచ్చు. ఫుట్‌బాల్ మేనేజర్ 2024 మొబైల్ రూపం నెట్‌ఫ్లిక్స్ చందాదారులకి వచ్చింది, నింటెండో స్విచ్ కన్సోల్‌లో ‘టచ్’ రూపం ఉంది. అవి కుదించినవి. పెద్ద ఆటకి అలవాటుపడ్డవాడికి ఏదో తక్కువైనట్టే ఉంటుంది. అయినా ప్రయాణంలో ఆడుకోవడానికే అయితే, ఉన్న ఫోన్‌తో, కొత్త మెషీన్ ఖర్చు లేకుండా సరిపోతుంది.

వాడినది కొనేటట్టయితే కంపెనీలు ఉద్యోగులకిచ్చి తర్వాత వదిలించుకునే రకాలు, థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్, ఎలైట్‌బుక్ లాంటివి వెతుకు. అందం తక్కువ, గట్టిదనం ఎక్కువ, విడిభాగాలూ దొరుకుతాయి. బ్యాటరీ మీద అమ్మేవాడి మాట నమ్మకు. విండోస్‌లోనే బ్యాటరీ రిపోర్ట్ తీసుకోవచ్చు. తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పుడు పట్టే సామర్థ్యం పక్కపక్కన చూపిస్తుంది. బయాస్‌కి (మెషీన్ ఆన్ కాగానే విండోస్‌కంటే ముందు నడిచే అమరికలు) పాస్‌వర్డ్ ఉంటే, అది తీసి ఇస్తే తప్ప ముట్టుకోకు. మూత తెరిచి మూసి కీళ్ళు చూడు. తర్వాత ఓ అరగంట దాన్ని గట్టిగా పనిచేయించు. మొదటి ఐదు నిమిషాలు ఏ మెషీన్ అయినా పరుగెడుతుంది. వేడెక్కాక ప్రాసెసర్ తనంతట తనే వేగం తగ్గించుకుంటుంది, ఎంత తగ్గిస్తుందన్నదే మనకి కావాలి. ఛార్జరు పీకేసి కూడా చూడు. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద నెమ్మదిస్తాయి, నువ్వు బస్సులో ఆడేది ఆ వేగంతోనే.

26 ఎడిషన్ కొనాలా వద్దా అని తేల్చుకోలేకపోతే స్టీమ్‌లో కొని చూడు. 14 రోజుల్లోపు, రెండు గంటలకి మించకుండా ఆడి ఉంటే డబ్బు వెనక్కి అడగొచ్చు. లీగులు ఎంచుకుంటూ, డేటాబేస్ తయారయ్యేదాకా ఎదురుచూస్తూ కూర్చున్న సమయం కూడా ఆ రెండు గంటల్లోకే వస్తుంది. అందుకే ఏం పరీక్షించాలో ముందే కాగితం మీద రాసుకుని మొదలుపెట్టు.

ఏదైనా నచ్చితే డబ్బు కట్టకముందే ప్రాసెసర్ పూర్తి పేరు చివరి అక్షరంతో సహా, ర్యామ్ వివరం, బ్యాటరీ రిపోర్ట్ ఫోటో నాకు పంపు. నువ్వు లోడ్ చేయబోయే లీగుల జాబితా కూడా. అది లేకుండా నన్నేమీ అడగొద్దు.

మీ బాబాయ్