శిరీషకు, పాప ఆపరేషన్ తేదీ గురించి

శిరీషా,

పాపకి మూడో నెల రాగానే ఆపరేషన్ చేయిస్తామని నువ్వే డాక్టరుగారితో చెప్పి వచ్చావని నిన్న మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. పుట్టెంట్రుకలు తీయించాక చూద్దాం, పిల్ల బొద్దుగా ఉంది, కామెర్లు కూడా లేవు కదా అని మీ అత్తగారు అన్నారట. ఆవిడ భయం నాకు తెలుసు. పిల్లల సర్జరీ వార్డులో నర్సుగా రిటైరైన నాకే, మన పాపకి మత్తు ఇస్తారంటే గుండె దడ. అయినా నీ ధైర్యానికి గర్వపడ్డానే తల్లీ.

లివర్ నుంచి పేగుకి పైత్యరసం తెచ్చే గొట్టం ఉబ్బి తిత్తి కట్టింది. దీన్నే కొలెడోకల్ సిస్ట్ అంటారు. మందులకు కరగదు. పిల్ల ఆడుకుంటున్నా లోపల పైత్యం నిలవ ఉంటూనే ఉంటుంది. చాలామందిలో క్లోమరసం, అంటే ప్యాంక్రియాస్ నుంచి వచ్చే జీర్ణరసం కూడా అందులోకి ఎగదన్ని గొట్టం గోడను పాడుచేస్తుంది. ఇన్ఫెక్షన్లు, రాళ్లు, క్లోమం వాపు, పెద్దయ్యాక క్యాన్సర్ ముప్పు అన్నీ దాని వల్లే. నెలల వయసులోనే లివర్ గట్టిపడటం మొదలయ్యే పిల్లలూ ఉంటారు.

పద్మ వదిన పొట్ట మీద మచ్చలు నువ్వు చూసే ఉంటావు. కుడిపక్క చిన్నది ఒకటి, పక్కటెముకల కింద అడ్డంగా పొడుగ్గా ఒకటి. దానికీ ఇదే జబ్బు. నాలుగేళ్లప్పుడు అన్నం తినగానే పొట్ట పట్టుకుని ముడుచుకుని పడుకునేది. నులిపురుగులన్నారు, మందు వేశారు. కళ్లు పచ్చబడితే పక్క ఊళ్లో పసరు పోయించారు. పచ్చదనం పోయింది, పసరు పనిచేసిందనుకున్నారు. పైత్యం దారిలో అడ్డు కాస్త వదిలితే కామెర్లు వాటంతటవే తగ్గుతాయి, తిత్తి మాత్రం అక్కడే ఉంటుంది. స్కాన్‌లో బయటపడ్డాక కూడా వేసవి సెలవులు రానీ అని కొన్నాళ్లు, ఇంట్లో పెళ్లి కానీ అని కొన్నాళ్లు మామయ్యా వాళ్లు వాయిదా వేశారు. ఓ రాత్రి వణుకు జ్వరంతో మోసుకెళ్లారు. లోపలంతా చీము. ఆ స్థితిలో తిత్తి తీయలేక బయటికి ట్యూబు పెట్టి సంచీ తగిలించారు. చిన్న మచ్చ అదే. పచ్చటి నీళ్లు నిండిన ఆ సంచీని చేత్తో పట్టుకుని వార్డులో అటూ ఇటూ నడిచేది పిచ్చితల్లి. కొన్ని నెలలకు ఇన్ఫెక్షన్ చల్లారాక అసలు ఆపరేషన్. అప్పటికి లోపల అన్నీ అతుక్కుపోయి ఉన్నాయి, విడదీయడానికి సర్జన్‌కి చాలా కష్టమైంది. ముందే చేయించి ఉంటే ఒక్క కోతతో పోయేది.

అందుకే మొక్కులు చూసుకుని తేదీ పెట్టొద్దంటున్నాను. ఏ లక్షణాలూ లేని పసిపిల్లలకి మొదటి కొన్ని నెలల్లో, ఆరు నెలలు దాటకుండా చేయించమనే డాక్టర్లే ఎక్కువ. జలుబు చేసిందనో బరువు పెరగాలనో రెండు వారాలు ఆగమంటే మాత్రం ఆగు, టెన్షన్ పడకు. ఈలోపు స్కాన్, లివర్ పరీక్ష చెప్పిన రోజుకి చేయించు. రక్తం గడ్డకట్టే పరీక్ష చూశారా అని అడుగు.

ఒక్క విషయంలో మాత్రం నా పోరు భరించాలి. రోజూ డైపర్‌ని పగటి వెలుతురులో చూడు. దొడ్డికి సుద్దలా తెల్లగా వెళ్లినా, కళ్లు పచ్చబడినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, రేపు అనొద్దు. పాపకి ఇంకా నెలన్నరే. ఈ వయసులో పైత్యనాళాలు మూసుకుపోయే ఇంకో జబ్బు కూడా స్కాన్‌లో ఇలాగే తిత్తిగా కనబడొచ్చు. అదైతే రెండు నెలలు నిండకముందే ఆపరేషన్ అయితే మంచిది. అది కాదని తేల్చారా లేదా డాక్టరుగారిని సూటిగా అడుగు. మొహమాటపడకు.

ఇంత చిన్నపిల్లలకి ఈ ఆపరేషన్ తరచూ చేసే పిల్లల సర్జన్, పిల్లల మత్తు డాక్టరు, ఐసీయూ ఉన్నచోటే చేయించు. తిత్తిని, పిత్తాశయాన్ని పూర్తిగా తీసేసి, పేగుని లివర్ దగ్గరి గొట్టానికి కలుపుతారు. పూర్వం కొన్నిచోట్ల తిత్తిని అలాగే ఉంచి పేగుకి కలిపేవారు. అలా మిగిలిన తిత్తిలో తర్వాత క్యాన్సర్ వచ్చిన వాళ్లున్నారు. అంతా బాగున్నా ఏటా చూపించుకోవడం మానొద్దు.

అత్తగారితో వాదన పెట్టుకోకు. ఆదివారం పద్మని వెంటబెట్టుకుని నేనే వస్తాను, దాని నోటితోనే చెప్పిస్తాను. పుట్టెంట్రుకలకి కుట్లు మానాక పదకొండో నెల ఉండనే ఉంది. ఆసుపత్రిలో రాత్రిళ్లు పాప దగ్గర నేనుంటాను. నువ్వు పాలిచ్చే తల్లివి, వేళకి తిను.

మీ పెద్దమ్మ