రోమన్ల భాషకి ‘రోమన్’ అని కాకుండా ‘లాటిన్’ అనే పేరు ఎలా వచ్చింది?

అది ఊరి పేరు కాదు, ప్రాంతం పేరు. టైబర్ నదికి దక్షిణాన ఉన్న మైదానాన్ని పూర్వం లాటియం అనేవారు. అక్కడి జనం లాటిన్లు, వాళ్ళ మాట లాటిన్. మొదట్లో రోమ్ ఆ జనం ఊళ్ళలో ఒకటి, అంతే. ఇప్పుడు టివోలి, పాలెస్ట్రీనా అని పిలిచేవీ అలాంటి ఊళ్ళే. లాటిన్ ఊళ్ళవాళ్ళు ఏటా ఆల్బన్ కొండల్లోని మోంటే కావో మీద జూపిటర్‌కి కలిసి ఉత్సవం చేసేవారు. క్రీ.పూ. 338లో రోమ్ వాళ్ళ కూటమిని ఓడించి రద్దు చేసింది. పెత్తనం రోమ్‌కి దక్కినా భాషకి పాత పేరే నిలిచిపోయింది.

మరి లాటియం అంటే ఏమిటి? ఉద్యోగరీత్యా కొంతకాలం రోమ్‌లో ఉన్నాను. సెలవు రోజుల్లో టెర్మినీ స్టేషన్‌లో లోకల్ రైలెక్కి, కొండ మీది ఫ్రస్కాతికి వెళ్ళేవాణ్ణి. అక్కడి పిట్టగోడ దగ్గర నిలబడితే కింద రోమ్ దాకా నేలంతా చదునుగా కనిపిస్తుంది. ‘విశాలమైన నేల’ అనే అర్థం చెప్పేవాళ్ళ మాట అక్కడ ఇట్టే నమ్మబుద్ధేస్తుంది. లాటిన్‌లో ‘లాతుస్’ అంటే వెడల్పైనది.

చిక్కల్లా ఒక దీర్ఘం దగ్గరే. ‘లాతుస్’లో మొదటి అక్షరం దీర్ఘం. లాటియంలో మాత్రం హ్రస్వం, అప్పటివాళ్ళు ‘లతియుం’ అన్నట్టుగా పలికేవారు. దీర్ఘం తేడాతో మాటే మారిపోతుందని తెలుగువాళ్ళకి వేరే చెప్పాలా! అందుకే నేరుగా ‘లాతుస్’ నుంచి కాక, పరుచుకోవడం అనే అర్థమున్న ఇంకా పాత ధాతువు నుంచి ఈ పేరు పుట్టి ఉండవచ్చని కొందరు భాషావేత్తలు అంటారు. నాకూ అదే సబబనిపిస్తుంది.

కవి వర్జిల్ ‘ఈనీడ్’లో వేరే కథ చెప్పాడు. జూపిటర్‌కి భయపడి పారిపోయి వచ్చిన శాటర్న్ దేవుడు ఇక్కడ దాక్కున్నాడట, ‘లతేరె’ అంటే దాగి ఉండటం. హ్రస్వం చక్కగా కుదిరింది కానీ, అది కవి కల్పనే. లాటినస్ అనే రాజు వల్ల ఈ పేరు వచ్చిందన్న కథ కూడా అంతే. జనం పేరును బట్టే రాజుని పుట్టించి ఉంటారని నా అభిప్రాయం.

ఆ ప్రాంతం ఇప్పటికీ ఉంది, ఇటాలియన్లు లాత్సియో అంటారు. 1900లో మొదలైన లాత్సియో ఫుట్‌బాల్ క్లబ్ పేరు దానిదే. లాటిన్ అమెరికాకి మాత్రం ఈ నేలతో నేరుగా సంబంధం లేదు. స్పానిష్, పోర్చుగీస్, ఫ్రెంచ్ మూడూ లాటిన్ నుంచి పుట్టిన భాషలు కాబట్టి 19వ శతాబ్దంలో ఆ పేరు వాడుకలోకి వచ్చింది.